జ్వరం బిళ్ళకూ ఒక హద్దు

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి వెళ్ళే దారిలో చిట్టచివరి ఊళ్ళలో పాలకాయతిప్ప ఒకటి. కోడూరు మండలంలోని ఈ మత్స్యకార గ్రామం దాటితే ఇక మడ అడవి, ఇసుక దిబ్బలు, సాగర సంగమం. ఇక్కడ అర్ధరాత్రి ఎవరికైనా ఒళ్ళు కాలిపోతే కోడూరు వెళ్ళాలి. అక్కడ కుదరకపోతే అవనిగడ్డ, అక్కడా కాకపోతే బందరు. తెల్లవారేదాకా ఆ ఇంటికి ఆసరాగా నిలిచేది గూటిలోని తెల్లని బిళ్ళ, పారాసిటమాల్. ఆశా కార్యకర్త సంచిలో ఉండేది అదే. కిరాణా కొట్లో సబ్బుల పక్కన దొరికేది అదే. వేటకు పోయే పడవలో బియ్యం, మంచినీళ్ళతోపాటు వెళ్ళేది కూడా అదే. గుడివాడ బజారులోనైనా, బందరు ముస్లిం వాడల్లోనైనా పరిస్థితి ఇంతకంటే భిన్నంగా ఉండదు. ఇంత దగ్గరి చుట్టమైన మందు గురించి మనకు తెలిసినది మాత్రం చాలా తక్కువ. “జ్వరం వస్తే వేసుకోవాలి” అన్న దగ్గరే మన పరిజ్ఞానం ఆగిపోతుంది. ఎంత వేసుకోవాలి, ఎంత దాటకూడదు, ఏ జ్వరానికి అది పనికిరాదు అన్నవి ఇంట్లో తల్లికి తెలిసి ఉండవలసిన సంగతులు.

ముందుగా ఈ మందు పుట్టుక గురించి రెండు మాటలు. 1886లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో కాన్, హెప్ అనే ఇద్దరు యువ వైద్యులు ఒక రోగికి నాఫ్తలీన్ ఇవ్వబోయి, దుకాణం పొరపాటు వల్ల అసిటనిలైడ్ అనే వేరే పదార్థాన్ని ఇచ్చారు. జ్వరం దిగిపోయింది! కాని ఆ మందు వాడినవారి పెదవులు, గోళ్ళు నీలంగా మారేవి. దాని తరువాత వచ్చిన ఫినాసిటిన్ దశాబ్దాలపాటు లోకమంతా వాడుకలో ఉండి, చివరకు మూత్రపిండాలను పాడుచేస్తుందని తేలి వెనక్కు తగ్గింది. ఈ రెండు మందులూ శరీరంలో చేరాక మారే అసలు ఔషధం పారాసిటమాలేనని 1948-49లో అమెరికాలో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. 1950ల నడుమ అది దుకాణాలకు వచ్చింది. నేడు ప్రపంచంలో పారాసిటమాల్ అత్యధికంగా తయారుచేసే సంస్థల్లో మన హైదరాబాదు సంస్థ ఉంది; దాని కర్మాగారం నగర శివారులోని బొంతపల్లిలో ఉంది. 2020 మార్చిలో కరోనా భయంతో కేంద్ర ప్రభుత్వం ఈ మందు ఎగుమతిని కొన్ని వారాలపాటు నియంత్రించినప్పుడు అనేక దేశాలు కలవరపడ్డాయి. మన గూటిలోని బిళ్ళకు ఇంత విలువ ఉంది.

ఇది జ్వరాన్ని తగ్గిస్తుంది, నొప్పిని తగ్గిస్తుంది. వాపును తగ్గించే శక్తి దీనికి బహు స్వల్పం. క్రిములను చంపే శక్తి అసలే లేదు. వేసుకున్న అరగంట, గంటలో పని మొదలుపెట్టి నాలుగు నుండి ఆరు గంటలు ప్రభావం చూపుతుంది. కడుపులో పుండు పుట్టించదు, రక్తాన్ని పలచబరచదు. ఖాళీ కడుపుతో వేసుకోరాదన్న మాట ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలకు వర్తిస్తుందే గాని దీనికి వర్తించదు.

లెక్క తప్పేది ఇక్కడే

పెద్దవారు ఒకసారికి 500 లేదా 650 మిల్లీగ్రాములు వేసుకుంటారు. ఎట్టి పరిస్థితిలోనూ ఒకసారికి 1,000 మిల్లీగ్రాములు దాటరాదు. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు, వీలైతే ఆరు గంటలు ఎడం ఉండాలి. ఇరవై నాలుగు గంటలలో అంతా కలిపి 4,000 మిల్లీగ్రాములు మించరాదు. బక్కపలచనివారికి, కొన్ని రోజులుగా తిండి సహించనివారికి, కాలేయ వ్యాధి ఉన్నవారికి ఈ హద్దు ఇంకా తక్కువ; దానిని వైద్యుడు నిర్ణయించాలి.

“రోజుకు మూడు బిళ్ళలే కదా వేసుకునేది, హద్దు ఎలా దాటుతాము?” అని అడగవచ్చు. ఒక ఉదాహరణ తీసుకుందాం. జలుబు, జ్వరం, ఒళ్ళు నొప్పులతో ఉన్న వ్యక్తి 650 బిళ్ళ మూడు పూటలా వేసుకుంటాడు. అది 1,950. జలుబు కోసం కొట్టువాడు ఇచ్చిన మాత్ర మూడుసార్లు వేసుకుంటాడు. ఇలాంటి జలుబు మాత్రల్లో చాలావాటిలో 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిసి ఉంటుంది. అంటే మరో 1,500. నడుము నొప్పికి ఊరి వైద్యుడు ఇచ్చిన మాత్ర రెండుసార్లు. అందులో ఎసిక్లోఫెనాక్‌తోపాటు 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్, అంటే 650. మొత్తం 4,100! అతడు తన దృష్టిలో మూడు వేర్వేరు మందులు వేసుకున్నాడు. అతని కాలేయం దృష్టిలో ఒకే మందును హద్దు మీరి వేసుకున్నాడు. క్రోసిన్, కాల్పాల్, డోలో అంటూ పేర్లు ఎన్ని ఉన్నా లోపలిది ఒక్కటే. షీటు వెనుక సన్నని అక్షరాలలో రాసి ఉండే అసలు పేరును చదవడం ఇంట్లో చదువుకుంటున్న పిల్లలకు అప్పగిస్తే వారు సంతోషంగా చేస్తారు.

హద్దు మీరితే ఏమవుతుంది? డెల్టా వాసులకు ఇది సులభంగా అర్థమయ్యే విషయమే. మనం మింగిన పారాసిటమాల్‌లో అత్యధిక భాగాన్ని కాలేయం హానిలేని పదార్థంగా మార్చి మూత్రం ద్వారా పంపివేస్తుంది. ఒక చిన్న భాగం మాత్రం విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం ఆ విషాన్ని ఎప్పటికప్పుడు కడిగివేస్తుంది. మురుగు కాలువ లాగగలిగినంత వాన కురిసినంతవరకు వరిచేనుకు ప్రమాదం లేదు. అంతకు మించితే చేను మునుగుతుంది. ఇక్కడ మునిగేది కాలేయం. క్షయకు, మూర్ఛకు మందులు వాడుతున్నవారిలోను, మద్యపానానికి అలవాటుపడినవారిలోను ఈ కాలువ ముందే పూడుకుపోయి ఉంటుంది.

ఈ మందు మోసం చేసేది మొదటి రోజు. మోతాదు బాగా మించినా తొలి ఇరవై నాలుగు గంటలలో కొద్దిపాటి వికారం తప్ప పెద్ద లక్షణాలేవీ కనిపించకపోవచ్చు. రెండవ, మూడవ రోజుల్లో కుడి పక్కటెముకల కింద నొప్పి, ఆపై కళ్ళు పచ్చబడటం మొదలవుతాయి. అప్పటికి బాగా ఆలస్యమై ఉంటుంది. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది. ఎనిమిది గంటలలోపు అందితే అది దాదాపు పూర్తిగా కాపాడుతుంది. కాబట్టి పొరపాటున గాని, కోపంలో గాని, దుఃఖంలో గాని ఎవరైనా ఎక్కువ బిళ్ళలు మింగినట్లు తెలిస్తే “బాగానే ఉన్నారుగా, చూద్దాం” అనుకోరాదు. వెంటనే 108ని పిలిచి, ఖాళీ షీట్లను వెంట తీసుకొని, ఆసుపత్రికి చేర్చాలి. మనసు కుంగి ఆ పని చేసినవారిని ఆ సమయంలో నిందించకండి, పరువు పోతుందని దాచిపెట్టకండి. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానిని కాపాడటమే ఆ గడియలో మన విధి. మనసులో భారం మోస్తున్నవారు మాట్లాడేందుకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరు పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఇంగ్లండులో 1998లో దుకాణాలు ఒక పెట్టెలో అమ్మే బిళ్ళల సంఖ్యను తగ్గించారు. ఇంట్లో అవసరానికి మించి నిల్వ ఉంచకపోవడం మనం పాటించగల పద్ధతి.

పసివారికి చెంచా కొలత కాదు

పెద్దలకు బిళ్ళల సంఖ్య చాలు. పిల్లలకు బరువే కొలత. ఒకసారికి కిలో బరువుకు 10 నుండి 15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగుసార్లు మించకుండా ఇవ్వాలి. పదికిలోల బిడ్డకు 100 నుండి 150 మిల్లీగ్రాములు అన్నమాట. చిక్కు సీసాల దగ్గర వస్తుంది. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉంటే, మరొకదానిలో అదే 5 మిల్లీలీటర్లకు 250 ఉంటాయి. చంటిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. చుక్కల మందు చిన్న సీసాలో వస్తుంది కనుక అది “తక్కువ ఘాటు” అని చాలామంది తల్లులు భావిస్తారు. నిజం దీనికి పూర్తిగా విరుద్ధం. ఆ పదికిలోల బిడ్డకు మొదటి సిరప్ 5 మిల్లీలీటర్లు సరైన మోతాదు. చుక్కల మందు అదే 5 మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు, అంటే నాలుగు రెట్లు! ఈ విషయం ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు, మిగతా వ్యాసం మరిచిపోయినా ఫరవాలేదు.

వంటింటి చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో పరిమాణంలో ఉంటాయి. సీసాతో వచ్చే కొలత మూతను గాని, సూది లేని సిరంజిని గాని వాడాలి. అమ్మ ఇచ్చిన సంగతి తెలియక నానమ్మ మళ్ళీ ఇవ్వడం ఉమ్మడి కుటుంబాల్లో తరచుగా జరిగేదే. ఇచ్చిన గంటను క్యాలెండరు మీద రాసి ఉంచడం మంచిది. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం వస్తే మందు పోసి వేచి చూడకుండా నేరుగా వైద్యునికి చూపించాలి. పెద్దలకు వాడే నొప్పి మాత్రను విరిచి పిల్లలకు ఇవ్వరాదు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళలోపు పిల్లలకు వాడరాదని 2011లోనే మన దేశంలో నిషేధించారు. జ్వరాలలో ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే రాదు.

ఏ జ్వరం? ఎందుకు జ్వరం?

ఉమ్ముస్సాయిబ్ (రజి) జ్వరంతో వణుకుతూ దానిని తిట్టినప్పుడు, తిట్టవద్దని, కొలిమి ఇనుము మడ్డిని తొలగించినట్లు అది పాపాలను తొలగిస్తుందని దైవప్రవక్త (స) బోధించిన సంగతి హదీసు గ్రంథం ముస్లింలో ఉంది. వైద్యుల కోణంలో కూడా జ్వరం శత్రువు కాదు. లోపల జరుగుతున్న పోరుకు అది సూచన. బిళ్ళ ఆ సూచనను తగ్గిస్తుంది, పోరును ఆపదు. 100 డిగ్రీల జ్వరంతో ఆడుకుంటున్న బిడ్డకు మందు అవసరమే లేదు. నీళ్ళు, పాలు తాగిస్తూ కనిపెట్టి ఉంటే చాలు. మూడు రోజులు దాటిన జ్వరానికి మాత్రం రక్త పరీక్ష కావాలి.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చి లంక గ్రామాలు మునిగిన తీరు మనం చూశాం. వరద తగ్గిన తరువాత వచ్చే జ్వరాలు వేరు. నిలిచిన నీటిలో దోమలు పెరిగి డెంగ్యూ వస్తుంది. ఆ జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వదగినది. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్‌లు రక్తస్రావాన్ని పెంచుతాయి. పైగా డెంగ్యూలో ప్రమాదం జ్వరం తగ్గే రోజుల్లోనే మొదలవుతుంది. “బిళ్ళతో దిగిపోయింది” అని ఊపిరి పీల్చుకున్న ఇంట్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. బురద నీటిలో నిలిచి పనిచేసేవారికి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. పిక్కల నొప్పి, ఎర్రబడిన కళ్ళు దాని గుర్తులు. అది యాంటీబయాటిక్‌తో నయమయ్యే వ్యాధి. బిళ్ళలతో నాలుగు రోజులు గడిపితే మూత్రపిండాల దాకా పోతుంది.

దివిసీమ గురించి రాస్తూ పాముకాటును విడిచిపెట్టలేం. 2018 ఆగస్టులో ఇక్కడ పాముకాట్లు విపరీతమై, బాధితులు అవనిగడ్డ ఆసుపత్రికి వరుస కట్టారు. కాటు నొప్పికి ఎవరో ఒకరు నొప్పి మాత్ర చేతిలో పెడతారు. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. దానిమీద డైక్లోఫెనాక్ వేస్తే అగ్నిలో ఆజ్యమే. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వవచ్చునని వైద్య నియమావళి చెబుతోంది. అయితే ప్రాణం నిలిపేది ఆసుపత్రిలోని విషవిరుగుడు సూదిమందే.

ఇక వడదెబ్బ. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు సముద్ర వేట నిషేధ కాలంలో ఒడ్డున వలలు బాగుచేసుకునేవారిని, చేపలు ఎండబెట్టే మహిళలను ఎండ నేరుగా కొడుతుంది. వడదెబ్బలో ఒళ్ళు కాలడం జ్వరం వంటిది కాదు. జ్వరంలో మెదడే శరీర ఉష్ణోగ్రతను పెంచుకుంటుంది, దానిని పారాసిటమాల్ కిందికి దింపుతుంది. వడదెబ్బలో బయటి వేడి శరీరాన్ని ఓడిస్తుంది. అక్కడ ఈ బిళ్ళ పనిచేయదు, దెబ్బతిన్న కాలేయంపై మరో భారం మోపుతుంది. నీడకు చేర్చడం, బట్టలు వదులుచేయడం, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరడం, 108ని పిలవడం, ఇవే చేయవలసినవి. జ్వరపు వేడిని నీటితో చల్లార్చమన్న ప్రవక్త (స) వచనం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఆ మాట హిజాజ్ వంటి ఉష్ణ ప్రాంతాలవారిని ఉద్దేశించినదని, వారి జ్వరాలలో అధిక భాగం ఎండ తీవ్రత వల్ల వచ్చేవేనని ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) శతాబ్దాల కిందటే వివరించారు. ఏ వేడికి నీరు, ఏ వేడికి మందు అన్న వివేచన మన పూర్వ పండితులకు కొత్త కాదు.

మోకాళ్ళ నొప్పులు, ఊరి వైద్యులు

నమాజులో సజ్దాకు వంగలేని వృద్ధ మహిళలకు పారాసిటమాల్ “చప్పటి మందు”. సంచి వైద్యుడు ఇచ్చే సూది, రంగు మాత్రలే వారికి పనిచేస్తాయి. ఆ రంగు మాత్రలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, రక్తపోటు, మూత్రపిండాల దెబ్బ వస్తాయి. పూర్వపు కృష్ణాజిల్లాలోని ఏ.కొండూరు మండల తండాలను కిడ్నీ వ్యాధి ఎలా పీల్చిందో మనకు తెలుసు. దాని మూలాలు వేరైనా, మూత్రపిండాలు బలహీనపడినవారికి ఈ మాత్రలు మరింత చేటు. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు దాదాపు అంతరించిపోయాయి. వాటి మరణానికి కారణం మూత్రపిండాలు చెడటమేనని తేలి, 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. పక్షుల సంగతి మనుషులకు అక్షరాలా వర్తించదు, నిజమే. అయినా ఆ మందును మిఠాయిలా పంచేవారికి ఈ సంగతి తెలిస్తే మంచిది.

వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి బాధ్యుడని చెప్పే హదీసు అబూదావూద్‌లో ఉంది. ఇది ఊరి వైద్యులకే కాదు, “నాకు తగ్గింది, నువ్వూ వేసుకో” అని పక్కింటి వారికి షీటు అందించే మనకూ వర్తిస్తుందని ఈ రచయిత అభిప్రాయం.

రమజానులోనూ ఈ బిళ్ళ చుట్టూ ప్రశ్నలు వస్తాయి. బిళ్ళ మింగితే రోజా భంగమవుతుంది. వ్యాధిగ్రస్తులు ఉపవాసం విరమించి ఇతర దినాలలో పూర్తిచేసుకోవచ్చునని బఖరా సూరాలో అల్లాహ్ సౌలభ్యం ప్రసాదించాడు. ఆ సౌలభ్యాన్ని తిరస్కరించి, పగలంతా నొప్పి రాకుండా సహరీలో ఒకేసారి మూడు బిళ్ళలు మింగేవారున్నారు. ఈ మందు ప్రభావం ఆరు గంటలకు మించదు. ఎక్కువ వేసుకుంటే ఎక్కువసేపు పనిచేయదు, కాలేయానికి భారం మాత్రమే మిగులుతుంది. ఉపవాసపు తొలి దినాల తలనొప్పికి తరచుగా కారణం చాయ్ మానడమే. షాబాన్ నెలాఖరు నుండి ఒక్కో కప్పు తగ్గిస్తూ వస్తే ఆ తలనొప్పి చాలావరకు రాదు.

గర్భిణుల విషయంలో 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు చేసిన ప్రకటన వాట్సాప్ ద్వారా మన ఇళ్ళకూ చేరింది. గర్భిణులు ఈ మందు వాడితే బిడ్డకు ఆటిజం వస్తుందన్న ఆ మాటకు నిర్ధారిత శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వెంటనే ప్రకటించింది. స్వీడన్‌లో సుమారు 25 లక్షల మంది పిల్లలపై జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూసినప్పుడు అలాంటి సంబంధం కనిపించలేదు. తీవ్ర జ్వరాన్ని అలాగే వదిలేస్తే కడుపులోని బిడ్డకు కలిగే ముప్పు మాత్రం వాస్తవం. వైద్యుని సలహాతో, తక్కువ మోతాదులో, అవసరమైన కొద్ది రోజులే వాడటం ఇప్పటికీ సరైన పద్ధతి. ఇబుప్రోఫెన్ జాతి మాత్రలు మాత్రం అయిదు నెలల తరువాత గర్భిణులు ముట్టరాదు.

మందు మంచిదైనా సీసా మంచిది కాకపోవచ్చు. 1990 దశకం ఆరంభంలో ఢాకాలో విషపూరిత ద్రావకం కలిసిన పారాసిటమాల్ సిరప్ తాగి వందలాది పిల్లల మూత్రపిండాలు విఫలమయ్యాయి. అదే డైఇథిలిన్ గ్లైకాల్ 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు మందులో బయటపడింది. ఇరవైమందికి పైగా పసిపిల్లలు మరణించారు. ఆ సిరప్ పారాసిటమాల్‌తోపాటు రెండు జలుబు మందుల మిశ్రమం. ఆ రెండు జలుబు మందుల మిశ్రమాన్ని నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే ఆదేశించి ఉంది. జ్వరానికి ఒక్క పారాసిటమాల్ మాత్రమే ఉన్న సిరప్‌ను, లైసెన్సు ఉన్న దుకాణంలో, బిల్లుతో కొనండి. బ్యాచి నంబరు, గడువు తేదీ చూడండి. సిరప్ తాగిన బిడ్డకు మూత్రం తగ్గినట్లు గమనిస్తే వెంటనే ఆపి వైద్యుని వద్దకు వెళ్ళండి.

సీసాను పిల్లలకు అందని ఎత్తులో, మూత గట్టిగా బిగించి ఉంచాలి. మారాం చేసే బిడ్డకు “ఇది మిఠాయి నాన్నా” అని చెప్పి తాగించకండి. నారింజ వాసనతో తీయగా ఉండే ఆ మందును వాడు నిజంగానే మిఠాయి అనుకుంటాడు. మనం జొహర్ నమాజులో ఉన్నప్పుడు కుర్చీ ఎక్కి సీసా దించుతాడు.